కనిపించని పొగకు కళ్లెం

పొగ కంటికి కనిపిస్తే అందరూ ముక్కు మూసుకుంటారు. కనిపించకపోతే? అటువంటి పొగకు కళ్లెం వెయ్యటానికి పూనుకున్న పంతులమ్మ ఒకామె అమెరికాలో ఉన్నది. ఆమె పేరు ఫ్రాన్ పావ్లీ.

ఆమె కాలిఫోర్నియా రాష్ట్రంలో చాలా ఏళ్లు బడిలో పాఠాలు చెప్పింది. అగోరా హిల్స్ అనే ఊరికి 1982లో మొట్టమొదటి మేయరు అయింది. 2000లో రాష్ట్ర శాసనసభకు ఎన్నికయింది.

మోటారుకారు పెట్రోలు తాగి బొగ్గుపులుసు వాయువును వదులుతుంది. దీనినే కార్బన్ డయాక్సైడ్ అంటారు. ఇందులో ఒక వింత ఉన్నది. లీటరు పెట్రోలు సుమారు ముప్పాతిక కిలో తూగుతుంది. కాని అది కాలినప్పుడు పుట్టే బొగ్గుపులుసు వాయువు సుమారు 2.3 కిలోలు! ఈ అదనపు బరువు ఎక్కడిది? పెట్రోలులోని కర్బనం గాలిలోని ప్రాణవాయువుతో కలుస్తుంది. బరువులో ఎక్కువ భాగం ఆ ప్రాణవాయువుదే. ఈ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. అయితే భూమినుంచి పోయే వేడిని దుప్పటిలాగా ఆపుతుంది.

కార్లు వదిలే మసికీ, విషవాయువులకూ అదివరకే హద్దులు ఉండేవి. దీనికి మాత్రం అమెరికాలో ఏ రాష్ట్రమూ హద్దు పెట్టలేదు. పావ్లీ అందుకు బిల్లు తెచ్చింది.

వెంటనే గొడవ బయలుదేరింది. పెద్ద కార్లు పోతాయనీ, పన్నులు పడతాయనీ కార్లవాళ్లు ప్రచారం చేశారు. అందుచేత ఆ భయాలకు జవాబు బిల్లులోనే రాశారు: కొత్త పన్ను వెయ్యరాదు, ఏ రకం కారునూ నిషేధించరాదు, కార్ల బరువు తగ్గించమనరాదు, వేగం తగ్గించమనరాదు. చెయ్యరాని పనులు ఇంత వివరంగా చెప్పిన చట్టాలు తక్కువ. చివరకు 2002లో బిల్లు బొటాబొటి ఓట్లతో గట్టెక్కింది. జూలై 22న గవర్నరు గ్రే డేవిస్ దానిమీద సంతకం చేశాడు.

అయినా పని తెమలలేదు. కార్ల కంపెనీలు కోర్టుకెక్కాయి. కార్ల పొగ విషయంలో కాలిఫోర్నియా సొంత నియమాలు చేసుకోవచ్చు. కాని కేంద్ర ప్రభుత్వం సరే అనాలి. 2007లో కేంద్రం కాదన్నది. 2009లో, ప్రభుత్వం మారాక, సరేనన్నది. మరుసటి ఏడు దేశమంతటికీ అటువంటి నియమాలే వచ్చాయి.

ఈలోపుగా పావ్లీ ఊరికే కూచోలేదు. 2006లో, సభాపతి ఫేబియన్ నూనెజ్‌తో కలిసి, మరింత పెద్ద చట్టం చేయించింది. ఒక్క కార్లే కాదు, ఫ్యాక్టరీలూ, విద్యుత్ కేంద్రాలూ, అన్నీ కలిపి రాష్ట్రం వదిలే ఇటువంటి వాయువులు 2020 నాటికి 1990 నాటి మట్టానికి దిగాలి. సినిమా నటుడు ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగర్ అప్పుడు గవర్నరు, సంతకం ఆయనదే. నాలుగేళ్లు ముందుగా, 2016లోనే, రాష్ట్రం ఆ మట్టానికి దిగింది. అదే ఏడు, ఎగువసభ సభ్యురాలిగా, పావ్లీ కొత్త గీత గీయించింది: 2030 నాటికి 1990 కంటే 40 శాతం తక్కువ. ఆ ఏటితో ఆమె సభ్యత్వం ముగిసింది.

2025లో కేంద్రం కాలిఫోర్నియా కార్ల నియమాలకు ఇచ్చిన అనుమతులు కొన్నిటిని రద్దు చేసింది. రాష్ట్రం మళ్లీ కోర్టుకెక్కింది.