మూడో తరగతిలో గుర్తించాల్సిన పిల్లలు

2022 జూన్ 6న పదో తరగతి ఫలితాలు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఉత్తీర్ణత 67.26 శాతం. 78.3 శాతంతో ప్రకాశం జిల్లా మొదటి స్థానంలో నిలిచింది. అక్కడ కూడా ప్రతి ఐదుగురిలో ఒకరికి పైగా తప్పారు. రాష్ట్రం మొత్తం మీద తప్పినవాళ్లు రెండు లక్షల మంది. కరోనాతో బడులు మూతపడటం అందుకు పెద్ద కారణమే. కానీ పాఠం అర్థమై, నోటితో అడిగితే జవాబు చెప్పగలిగి, కాగితం మీద పెట్టలేక తప్పే పిల్లలు ప్రతి ఏడాదీ ఉంటారు. మార్కుల జాబితా వాళ్లను విడిగా చూపదు.

వాళ్లలో కొందరికి ఉండేది డిస్లెక్సియా. అది ఉన్న పిల్లలకు తెలివి తక్కువేమీ కాదు. అక్షరాన్ని శబ్దంతో కలపడం వాళ్లకు కష్టం. తెలుగులో గుణింతాలు, వత్తులు, ప-వ-మ లాంటి దగ్గర పోలికల అక్షరాలు ఆ కష్టాన్ని ఇంకా పెంచుతాయి. డిస్‌గ్రాఫియా ఉంటే చెయ్యి సాగదు. డిస్‌కాల్క్యులియా ఉంటే అంకెలు లొంగవు.

పల్నాడులోనూ ప్రకాశంలోనూ పబ్లిక్ పరీక్షల మార్చి నెల మిరప కోతల కాలం కూడా. 'వీడికి చదువు అబ్బలేదు' అనే మాట ఒకసారి పడితే చాలు, కల్లంలో పని సిద్ధంగా ఉంటుంది. కర్నూలు పశ్చిమ మండలాల నుంచి కోతలకు వలస వచ్చే కుటుంబాల పిల్లల పరిస్థితి మరీ కష్టం. చదవలేకపోతే బడి మానేసినందుకే అనుకుంటారు. అసలు సంగతి ఆ గైర్హాజరు చాటునే ఉండిపోతుంది.

చట్టం మాత్రం వీళ్లను గుర్తించింది. 2017 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న దివ్యాంగుల హక్కుల చట్టం 21 వైకల్యాల్లో డిస్లెక్సియా లాంటి అభ్యసన వైకల్యాలనూ చేర్చింది. 2018 ఆగస్టు మార్గదర్శకాలు పరీక్షలో చెప్పింది రాసిపెట్టే స్క్రైబ్‌ను పెట్టుకోనిచ్చాయి. గంటకు 20 నిమిషాలకు తగ్గకుండా అదనపు సమయం ఇవ్వాలన్నాయి. రాసేటప్పుడు చెయ్యి పట్టేసే వికాస్ కుమార్ అనే అభ్యర్థి యూపీఎస్‌సీ మీద వేసిన కేసులో, 40 శాతం వైకల్యం లేదన్న సాకుతో స్క్రైబ్‌ను కాదనకూడదని 2021 ఫిబ్రవరి 11న సుప్రీంకోర్టు తేల్చింది. అదే ఏడాది నీట్‌లో డిస్‌గ్రాఫియా ఉన్న ఒక అమ్మాయికి అదనపు గంట ఇవ్వకుండా పేపరు లాక్కున్నారు. అది తప్పేనని కోర్టు చెప్పింది గానీ, మళ్లీ పరీక్ష పెట్టించలేదు.

అదనపు సమయం మిగతా పిల్లలకు అన్యాయమా? కానే కాదు. సైన్సు పేపరు చూడాల్సింది సైన్సు ఎంత వచ్చిందని. చెయ్యి ఎంత వేగంగా కదిలిందని కాదు.

అయితే ఈ హక్కు సర్టిఫికెట్ ఉంటేనే చేతికందుతుంది. 2018 జనవరి నిబంధనలు మూడో తరగతిలోనో, ఎనిమిదేళ్ల వయసులోనో టీచర్లే తొలి పరిశీలన చేయాలని చెప్పాయి. తరవాత పిల్లల డాక్టరు, సైకాలజిస్టు పరీక్షించి సర్టిఫికెట్ ఇస్తారు. దాన్ని 14వ ఏట, 18వ ఏట మళ్లీ తీసుకోవాలని కూడా ఆ నిబంధనలు చెప్పాయి. మన దగ్గర పిల్లల్ని చూపించడానికి మండలాల్లో భవిత కేంద్రాలు, సర్టిఫికెట్ కోసం సదరం శిబిరాలు ఉన్నాయి. ఐదు తరగతుల్నీ ఒక్కరే చూసుకునే బడిలో ఆ తొలి పరిశీలన ఎలా చేయాలో టీచరుకు విద్యాశాఖే నేర్పించాలి, అందుకు తీరికా ఇవ్వాలి. తల్లిదండ్రులు కూడా పదో తరగతి నామినల్ రోల్స్ దాకా ఆగకుండా, నోటితో చెప్పేదానికీ నోటు పుస్తకంలో రాసేదానికీ పొంతన లేదని అనిపించిన ఏడాదే బిడ్డను భవిత కేంద్రానికి తీసుకెళ్లి అడగవచ్చు.