సీసాపైని ఎఱ్ఱ త్రికోణము

జూబిలీహిల్సు, ఫిలింనగరు వీధులలో ప్రొద్దుననే కూరగాయల బండి ఆగును. ఇల్లాలు బెండకాయ కొన విఱిచి లేతదనము చూచును. వంకాయను త్రిప్పి పుచ్చు లేదని నిశ్చయించుకొనును. పుచ్చు లేని కాయ మంచికాయ యని మన నమ్మకము. ఆ పురుగును చంపిన మందు కాయలో ఎంత మిగిలినదో మాత్రము కంటికి కనబడదు. ఆ సంగతి కనిపెట్టుటకే ప్రభుత్వము కొన్ని నియమములు చేసినది.

వీని పుట్టుక విషాదకరమైనది. 1958లో పారథియాన్ అను పురుగుమందు కలిసిన ఆహారము తిని కేరళలో నూరుమందికి పైగా మరణించిరి. పదేండ్లకు, 1968లో, పురుగుమందుల చట్టము వచ్చినది. 1971లో దాని నిబంధనలు వెలువడినవి. వాని ప్రకారము ప్రతి మందు సీసాపైని మూలమీద నిలిపిన ఒక చదరముండును. దాని క్రింది సగము రంగు త్రికోణము. ఎఱుపు, పసుపు, నీలము, ఆకుపచ్చ - ఈ వరుసలో విషతీవ్రత తగ్గును. ఎలుక బరువులో కిలోకు 50 మిల్లీగ్రాములు, లేక అంతకు తక్కువ, నోట వేసినపుడు సగము ఎలుకలు చచ్చినచో అది ఎఱ్ఱ త్రికోణపు మందు.

మోనోక్రోటోఫాస్ అట్టిది. మన నాడికొనలనుండి ఎసిటైల్‌కోలిన్ అను పదార్థము వెలువడి కండరమును కదలించును. పని తీరగానే ఒక ఎంజైము దానిని విడగొట్టును. ఈ మందు ఆ ఎంజైమునే బంధించును. నొక్కిన విద్యుద్గంట మీట తిరిగి లేవనట్లు, కండరము ఆగక కొట్టుకొనును. చొంగ, చెమట, వణకు, తుదకు ఊపిరి ఆగుట. పురుగునకును మనిషికిని ఈ ఎంజైము కలదు. పక్షులకును అంతే: 1995-96లో అర్జెంటీనాలో మిడతలపై దీనిని చల్లగా, వానిని తిన్న గద్దలు వేలకొలది నేలరాలినవి. చర్మముగుండ కూడ ఇది లోనికి పోవును కనుక, చేతితొడుగులు, ముఖమునకు కప్పు ధరింపవలెనని సీసాపై వ్రాసియుండును. భాద్రపదపు ఉక్కలో, వీపున 16 లీటర్ల డబ్బాతో, నడుమెత్తు ప్రత్తిచేలో నడచువాడు ఆ తొడుగులతో ఎంతసేపు నిలువగలడో వ్రాసినవారు చూచిరో లేదో!

2005లో ఈ మందును కూరగాయలపై చల్లరాదని నిషేధించిరి. ప్రత్తికి మాత్రము అమ్మకము సాగినది. చిక్కంతయు ఇక్కడనే యున్నది. దుకాణములో సీసా ఒకటే, రైతు ఒకడే. ప్రత్తి ప్రక్కనే పది గుంటల బెండ ఉన్నచో, డబ్బాలో మిగిలిన మందు గట్టు దాటుటకు అడ్డేమి? అనుమతి గల మందులకైనను చల్లిన పిమ్మట ఇన్ని దినములు ఆగి కోయవలెనను గడువు కలదు. ఆ వ్యవధిలో ఎండయు, మొక్కలోని ఎంజైములును మందును విడగొట్టును. కాని బెండ దినము విడిచి దినము కోయవలసిన పంట. వారమాగినచో మూడు కోతలు ముదిరి పీచగును. ఆ నష్టము రైతుదే.

కూరగాయల మాట అటుండనిండు. సీసా ఇంటిలోనే ఉండును. 1997-2002 మధ్య వరంగల్లు ప్రభుత్వాసుపత్రిలో ఎనిమిది వేలమందికి పైగా పురుగుమందు బాధితులు చేరిరి. ఐదుగురిలో ఒకరికి పైగా దక్కలేదు. చాలమంది తామై త్రాగినవారు. త్రాగువాని మనసును చట్టము మార్చునా అనువారు శ్రీలంకను చూడవలెను. అక్కడ 1995లో మోనోక్రోటోఫాస్‌ను, 1998లో ఎండోసల్ఫాన్‌ను తొలగించిరి. 2005 నాటికి ఆత్మహత్యల రేటు దాదాపు సగమైనది. ఆవేశపు గడియలో చేతికందినది ఏ మందు అనుదానిపై ప్రాణము ఆధారపడియున్నది. మన దేశములో ఎండోసల్ఫాన్ 2011లోను, 36 శాతపు మోనోక్రోటోఫాస్ 2023లోను నిషేధింపబడినవి.

మందు పోయినంత మాత్రమున పురుగు పోదు. నాటి ఖమ్మము జిల్లాలోని పునుకుల రైతులు ఈ నిషేధములకు చాల ముందే, 2004 నాటికే, మందులు మానిరి. వేపగింజల కషాయము చల్లిరి, లింగాకర్షక బుట్టలు కట్టిరి, చేను చుట్టు ఆముదము వేసిరి. లద్దెపురుగు తల్లి ఆముదపు టాకుపై గుంపుగా గ్రుడ్లు పెట్టును. ఆ ఆకును త్రుంచివేసినచో వందలకొలది పురుగులు పుట్టకమునుపే పోవును. అందుకు నిత్యము చేనిలో తిరిగి ఆకు వెనుక చూడవలెను. సీసాకు డబ్బు చాలును. దీనికి మనుష్యులు కావలెను. పునుకులలో ఈ మార్పునకు మహిళాసంఘములు పూనుకొన్నవి.