తలకిందులైనా ఆగని రంపం

“పక్కకి పడితే మోటారుసైకిలు ఆగిపోతుంది కదా సార్, చెట్లు కోసే మిషన్ని అడ్డంగా పట్టుకున్నా ఎలా ఆడుతుంది?” అని తొమ్మిదో తరగతి పిల్లాడొకడు అడిగాడు. పాత చైన్‌సా కొనాలా వద్దా అని తేల్చుకునేవాళ్లు కూడా ఈ ప్రశ్నతోనే మొదలుపెట్టాలని నా అభిప్రాయం.

పాత బళ్ల కార్బురేటర్‌లో చిన్న తొట్టి, అందులో తేలే ఫ్లోటు ఉంటాయి. తొట్టి వాలిందా, పెట్రోలు లెక్క తప్పుతుంది. తొలి రంపాలదీ ఇదే తంటా. ఇంజన్ నిటారుగానే ఉండాలి, కోతేమో అడ్డంగా పడాలి. అందుకని ఇంజన్‌ని కదపకుండా గొలుసు తిరిగే పట్టీని మాత్రం పక్కకు తిప్పే ఏర్పాటు చేసేవారు. బరువు పెరిగేది, పని నడ్డి విరిచేది.

ఆ తొట్టిని తీసిపారేసింది డయాఫ్రమ్ కార్బురేటర్. టూ-స్ట్రోక్ ఇంజన్‌లో పిస్టన్ పైకి పోతే కింది క్రాంక్‌కేస్‌లో ఒత్తిడి తగ్గుతుంది, కిందికొస్తే పెరుగుతుంది. ఊరికే పోయే ఆ ఊపిరిని సన్నని దారి గుండా ఒక పల్చటి పొర మీదికి మళ్లించారు. నిమిషానికి ఆరువేల చుట్లు తిరిగే ఇంజన్‌లో ఆ పొర డప్పు చర్మంలా సెకనుకు వందసార్లు అదురుతూ ట్యాంకులోంచి పెట్రోలు తోడుతుంది. వేరే పంపు అక్కర్లేదు. రెండో పొరది కొలత పని. దానికి ఒకవైపు బయటి గాలి, మరోవైపు పెట్రోలు గది. ఇంజన్ పెట్రోలు పీల్చుకోగానే గదిలో ఒత్తిడి పడిపోతుంది. బయటి గాలి పొరను లోపలికి నొక్కుతుంది, పొర ఒక మీటను నొక్కుతుంది, పెట్రోలు దారిని మూసి ఉంచే సూది లేచి పెట్రోలు దిగుతుంది. గది నిండగానే పొర వెనక్కి జరుగుతుంది, స్ప్రింగు సూదిని మూసేస్తుంది. పైకీ కిందికీ తేడా తెలియని యంత్రం ఇది. ట్యాంకులో కూడా మెత్తటి గొట్టం చివర బరువు కట్టి ఉంటుంది. పెట్రోలు ఏ మూలకు చేరితే అదీ అక్కడికే పడుతుంది.

ఏళ్ల తరబడి మూలన పడున్న రంపంలో ముందు పాడయ్యేది ఈ పొరే. ఎండి బిరుసెక్కుతుంది. ఇథనాల్ కలిసిన పెట్రోలు పాత రబ్బరుకు మరీ చేటు. మన బంకుల్లో ఇప్పుడు 20 శాతం దాకా కలుపుతున్నారు. బిరుసెక్కిన పొర సరిగా వంగదు, పెట్రోలు చాలినంత దిగదు. టూ-స్ట్రోక్‌లో ఆయిల్ వచ్చేది పెట్రోలుతోనే కాబట్టి అది తగ్గితే ఇదీ తగ్గుతుంది. పిస్టన్ వేడెక్కి, గీతలు పడి, సీజ్ అవుతుంది. చవక పొర ఖరీదైన సిలిండర్‌ను తినేస్తుందన్నమాట.

అందుకే స్టార్ట్ కాని రంపమంటే నాకు భయం లేదు. సైలెన్సర్ విప్పి, ఆ రంధ్రంలోంచి టార్చి వేసి పిస్టన్ చూడండి. నున్నగా మెరుస్తుంటే ధైర్యంగా బేరమాడొచ్చు. నిలువు గీతలుంటే, ఎంత గట్టిగా అరిచినా వదిలేయండి. స్విచ్ ఆపి, స్టార్టర్ తాడు పిడి పట్టుకుని రంపాన్ని వేలాడదీయడం ఇంకో పరీక్ష. ఆగి ఆగి దిగితే కంప్రెషన్ ఉన్నట్టు, సర్రున జారితే ఇంజన్ బోరుకొచ్చినట్టు. (పాత తాడు తెగొచ్చు, కింద కాళ్లు పెట్టకండి.) మీరు వెళ్లేసరికే సిలిండర్ వెచ్చగా ఉంటే అమ్మేవాడు ముందే వేడిచేసి ఉంచాడు, చల్లారేదాకా కూర్చుని అప్పుడు తాడు లాగండి. స్టార్టయ్యాక యాక్సిలరేటర్ వదిలేసినా చాలాసేపు చుట్లు తగ్గకుండా అరిస్తే ఎక్కడో గాలి దూరుతోంది, ఎక్కువగా ఆయిల్ సీళ్ల దగ్గర.

మోజుతో కొనేవాళ్లు వెతికేది జర్మనీ ష్టీల్ కంపెనీ 1959లో తెచ్చిన ‘కాంట్రా’ లాంటివి. మధ్యలో గేర్లు లేకుండా గొలుసును నేరుగా తిప్పే ఆ ఇంజన్ అప్పట్లో సంచలనం. తర్వాత చేతుల తిమ్మిరి తగ్గించే రబ్బరు దిమ్మలు వచ్చాయి, 1970లలో చైన్ బ్రేకు వచ్చింది. పట్టీ కొన మొద్దుకు తగిలితే రంపం కన్నుమూసి తెరిచేలోగా మొహం మీదికి లేస్తుంది. అప్పుడు గొలుసును ఆపేది ఆ బ్రేకే. కాంట్రాకు అది లేదు. షెడ్డులో పెట్టుకుని అప్పుడప్పుడు విప్పి బిగించుకోవడానికైతే కొనండి. సరుగుడు తోట నరకడానికైతే బ్రేకున్న కొత్తదే మేలు.