మీకు తెలుసా? బొమ్మ ఇంజను ఈల, మొహెంజొదారో నర్తకి

బొమ్మ ఆవిరి ఇంజన్లకు అతికించే, వడ్లగింజ కన్నా పొట్టి ఇత్తడి ఈలల్లో చాలావాటిని పోతపోసే పద్ధతీ, సుమారు 4,500 ఏళ్ల నాటి మొహెంజొదారో నర్తకి కంచుబొమ్మను పోసిన పద్ధతీ ఒకటే! మైనంతో రూపం చేసి, చుట్టూ పూత పెట్టి కాలుస్తారు. మైనం కరిగి పోయిన ఖాళీలో లోహం పోస్తారు. 2018లో జీఐ గుర్తింపు పొందిన మన ఆదిలాబాద్ డోక్రా బొమ్మలదీ ఇదే దారి.

తేడా అల్లా సైజులోనే. బ్రిటన్‌లో బాగా వాడుకలో ఉన్న బొమ్మ రైళ్ల ఓఓ స్కేలులో అడుగంటే 4 మిల్లీమీటర్లు. అసలు ఇంజను మీది అంగుళం మందం కడ్డీ ఇక్కడ మిల్లీమీటరులో మూడో వంతుకు దిగుతుంది. అందుకే పట్టింపున్నవాళ్లు పాత ప్లాస్టిక్ బాయిలరు మీద గీతలా ఉబ్బి ఉన్న చేపట్టు కడ్డీని చెక్కేసి, సన్నగా రంధ్రాలు తొలిచి, 0.45 మిల్లీమీటర్ల తీగ బిగిస్తారు. తర్వాత ఈల, సేఫ్టీ వాల్వులు, దీపాల కొక్కేలు. ట్వీజర్ జారిందా, ఆ ఈల ఇక తివాచీ సొత్తే!

ఇంత చేసినా, ఓఓ పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లే. లెక్కప్రకారం 18.83 ఉండాలి.