రేడియోలో వార్త విన్నారు.. రాయబారి కుర్చీ వదిలేశారు!

ఢిల్లీ పృథ్వీరాజ్ రోడ్‌లో బంగళా, తోటలో పెద్ద వేపచెట్టు, కారు మీద దేశం జెండా. ఇలాంటి ఉద్యోగం ఎవరైనా వదులుకుంటారా? 1968 అక్టోబరులో ఒకాయన వదిలేసుకున్నారు. పేరు ఆక్టేవియో పాజ్. మన దేశంలో మెక్సికో రాయబారి. తర్వాత 1990లో సాహిత్యానికి నోబెల్ అందుకున్న పాజ్ కూడా ఈయనే.

కవులకి నోబెల్ రావడం మనం అప్పుడప్పుడూ చూస్తూనే ఉంటాం. నాకు మాత్రం ఆయన పదవి వదిలిన కథే ఎక్కువ నచ్చింది. ఆయన పుస్తకం 'ఇన్ లైట్ ఆఫ్ ఇండియా' చదివితే ఇంకా ఆశ్చర్యం. మొఘలుల గురించి, కులం గురించి, గాంధీ గురించి విడమరిచి చెప్పిన మనిషి, ఢిల్లీ వదిలి వెళ్లిన రోజుల గురించి మాత్రం క్లుప్తంగా తేల్చేశారు. ఎక్కడా హీరోయిజం లేదు!

పాజ్ మొదటిసారి మన దేశానికి వచ్చింది 1951లో. అప్పటికి ఆయన చిన్న అధికారి. ప్యారిస్ నుంచి బదిలీ మీద ఓడలో బొంబాయిలో దిగారు, కొన్ని నెలలకే జపాన్ పంపేశారు. మళ్లీ వచ్చింది 1962లో, ఈసారి రాయబారిగా. అప్పుడు మన రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్. ఆయన కూడా అంతకుముందు మాస్కోలో మన రాయబారిగా చేసిన వారే కదా!

ఆ ఆరేళ్లూ పాజ్ జీవితంలో మంచి రోజులు. మేరీ జోస్ పరిచయమైంది ఢిల్లీలోనే. పెళ్లి ఎక్కడనుకున్నారు? తోటలోని ఆ వేపచెట్టు కిందే. చిత్రకారుడు జె.స్వామినాథన్‌తో గట్టి స్నేహం. 1963లో స్వామినాథన్ బృందం 'గ్రూప్ 1890' పేరుతో ప్రదర్శన పెడితే దాని కేటలాగ్‌కి ముందుమాట పాజ్‌దే. హుమాయూన్ సమాధి మీద, లోడీ గార్డెన్ మీద కవితలు రాశారు. ఆఫీసు ఫైళ్ల మధ్య ఇంత రాయడానికి టైమ్ ఎలా దొరికిందో!

ఆయన వంటల దాకా వెళ్లారు. మెక్సికోవాళ్ల 'మోలే' అనే పులుసుకీ మన కూరకీ పోలికలు వెతికారు. మన దగ్గర చపాతీ, వాళ్ల దగ్గర టోర్టిలా. ఇక మిరపకాయ సంగతి తెలిసిందే. అది పుట్టింది మెక్సికో వైపు, మనకి తెచ్చింది పోర్చుగీసువాళ్లు. అంటే గుంటూరు మిర్చికి పుట్టిల్లు అక్కడన్నమాట! జామ, బొప్పాయి కూడా ఆ ఖండం నుంచి వచ్చినవే. ఆవకాయ తింటూ మెక్సికో చాలా దూరం అనుకోవడం నాకైతే ఇక కుదరదు.

అలాంటి రోజుల్లో మెక్సికోలో విద్యార్థులు రోడ్డెక్కారు. వాళ్లు అడిగింది పోలీసు జులుం ఆపమని, రాజకీయ ఖైదీలను వదలమని. సెప్టెంబరులోనే పాజ్ తమ విదేశాంగ మంత్రికి పెద్ద ఉత్తరం రాశారు. పిల్లల మాట వినండి, వ్యవస్థని కాస్త మార్చండి అని దాని సారాంశం. ఎవరూ పట్టించుకోలేదు. అక్టోబరు 2 సాయంత్రం మెక్సికో సిటీలోని ట్లాటెలోల్కో చౌక్‌లో గుమిగూడిన జనం మీద సైన్యం కాల్పులు జరిపింది. చనిపోయినవాళ్ల లెక్క మీద ఇప్పటికీ గొడవే. డజన్లలో అని కొందరంటే, మూడొందలు దాటిందని కొందరంటారు. ఇంకో పది రోజుల్లో అదే ఊళ్లో ఒలింపిక్స్!

ఢిల్లీలో పాజ్‌కి ఈ వార్త రేడియోలో తెలిసింది. రెండు రోజుల్లో, అక్టోబరు 4న, ఉత్తరం వెళ్లిపోయింది.

రాయబారి అంటే మామూలు ఉద్యోగి కాదు. దేశాధినేత తరఫు మనిషి. ఆయన మాట్లాడితే ప్రభుత్వం మాట్లాడినట్టు, ఊరుకుంటే ప్రభుత్వంతో పాటు ఊరుకున్నట్టు. రేపు ఢిల్లీ విలేకరి ఎవరైనా "మీ దేశంలో ఏం జరిగింది సార్?" అని అడిగితే, కాల్పులు జరిపించిన అధ్యక్షుడి తరఫున జవాబు చెప్పుకోవాలి. అది తనవల్ల కాదనుకున్నారు పాజ్. అప్పటికి ఆయనకి 54 ఏళ్లు, సర్వీసు ఇరవై ఏళ్లు దాటింది. పైగా చేతిలో వేరే ఉద్యోగం లేదు.

కాగితం మీద ఆయన అడిగింది రాయబారి బాధ్యతల నుంచి తప్పించమని. కాబట్టి అది అసలైన రాజీనామా కాదని లాజిక్ తీసేవాళ్లూ ఉన్నారు. నాకు ఆ తేడా చాలా చిన్నదిగా కనిపిస్తుంది. ఒలింపిక్స్ సాంస్కృతిక ఉత్సవాలకి కవిత రాయమని అంతకుముందు అడిగితే కుదరదన్నారు. కాల్పుల తర్వాత మాత్రం అక్టోబరు 7న తనంతట తానే ఒకటి పంపారు, ఆ నెత్తురు మరకల మీద!

మెక్సికో ప్రభుత్వానికి కోపం తెప్పించిన రాయబారికి మన ప్రభుత్వం అధికారికంగా వీడ్కోలు ఇవ్వలేదు. అయితే ఇందిరాగాంధీ పాజ్ దంపతులను తన ఇంటికి భోజనానికి పిలిచారు. రాజీవ్, సోనియా, కొద్దిమంది మిత్రులు, అంతే. ప్రధానిగా చేయలేనిది ఇంటి మనిషిగా చేశారన్నమాట. ఆ స్నేహం నిలిచింది. 1985లో పాజ్ మళ్లీ ఢిల్లీ వచ్చి నెహ్రూ స్మారకోపన్యాసం ఇచ్చారు. పదేళ్ల తర్వాత వచ్చిన ఆ పుస్తకానికి బీజం అక్కడే పడింది.

ఢిల్లీ నుంచి బొంబాయికి రైల్లో వెళ్తుంటే కొన్ని స్టేషన్లలో కాలేజీ కుర్రాళ్లు పూలదండలతో ఎదురొచ్చారట. వాట్సాప్ లేదు, ట్విటర్ లేదు. అయినా ఎక్కడో మెక్సికోలో కాల్పులకి గురైన విద్యార్థుల కోసం పదవి వదిలిన పెద్దాయన ఈ బోగీలో ఉన్నాడని వాళ్లకి తెలిసింది! బొంబాయిలో ఓడ ఎక్కేముందు ఒక ఆదివారం ఆయన, మేరీ జోస్ ఎలిఫెంటా గుహలకు వెళ్లారు. 1951లో ఓడ దిగిన కొత్తలో చూసిన చోటే. ఈసారి శివపార్వతుల ముందు నిలబడి వచ్చి, దాని మీదా ఒక కవిత రాశారు.