ఛాయాగ్రాహకుని సన్నాహము

ఛాయాచిత్రము తీయుట యనగా మీట నొక్కుటయే యని లోకమున నొక యభిప్రాయము కలదు. ఆ మీట నొక్కుటకు పట్టు కాలము సెకనులో నూఱవ వంతో, అంతకన్న తక్కువయో. ఈపాటి పనికి ఇంత సొమ్మేల యని స్టూడియో గడపలో బేరమాడువారును కలరు. వారు చూడనిది ఆ సెకనుకు ముందు గడచిన కాలము. విస్తరిముందు కూర్చున్నవానికి తెల్లవాఱుజామున పొయ్యి రాజేసినవారి శ్రమ కానరానట్లే, పటము చూచువానికి ఈ సన్నాహము కానరాదు. కానవచ్చినచో ఎక్కడనో లోపము జరిగినదనియే యెఱుగవలెను.

తొలినాళ్లలో ఈ సన్నాహము చాలవఱకు రసాయనశాస్త్రము. 1851లో ఇంగ్లండున ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ ప్రకటించిన తడిపలక పద్ధతిలో, ముందుగా మనిషిని కూర్చుండబెట్టి కెమెరా సరిచూచుకొని, ఆపైన చీకటిగదిలోనికి పోవలెను. మచ్చ లేకుండ తుడిచిన గాజుపలకపై కొల్లోడియన్ అను జిగురు ద్రవమును నాలుగు మూలలకు సమముగా పాఱునట్లు పోసి, సిల్వర్ నైట్రేట్ ద్రావణమున ముంచి, తడి యాఱకముందే తెచ్చి చిత్రము తీసి, మరల పరుగున పోయి కడుగవలెను. అంతయు కొద్ది నిమిషముల పని. ఎండలు మండు దేశమున ఆ కొద్ది నిమిషములును మఱింత కుంచించుకొనిపోయెడివి. చిత్రము పడుటకు కొన్ని సెకనులు పట్టెడిది గనుక, తల కదలకుండ వెనుకనుండి ఇనుప కొక్కెము నానించెడివారు. ఆనాటి పటములలో పెద్దలందఱును కోపముతో నున్నట్లు కానవచ్చుటకు వారి స్వభావమే కారణమని తలపరాదు. మెడ వెనుకనున్న ఇనుముకును అందు కొంత భాగము కలదు.

1871లో రిచర్డ్ లీచ్ మాడాక్స్ సూచించిన జెలటిన్ పొడిపలకలు ఆ దశాబ్దము ముగియులోపల అంగడిలో దొరకజొచ్చినవి. పలకను గూర్చిన తొందర తీఱినది. ఛాయాగ్రాహకుని దృష్టి పలకనుండి మనిషివైపు మరలుటకు అవకాశము కలిగినది. హైదరాబాదున జరిగిన యొక యేర్పాటు ఇందుకు మంచి నిదర్శనము.

లాలా దీనదయాళ్ 1844లో మీరట్ సమీపమునగల సర్ధనాలో జన్మించెను. రూర్కీ ఇంజనీరింగు కళాశాలలో చదివి, ఇండోరు పనులశాఖలో అంచనాలు కట్టుచు నక్షలు గీయు నుద్యోగమున నుండగా కెమెరా చేపట్టెను. పిదప ఆఱవ నిజాము మహబూబ్ అలీఖానునకు ఆస్థాన ఛాయాగ్రాహకుడై, సికింద్రాబాదున స్టూడియో నెలకొల్పి, 'రాజా' బిరుదమును పొందెను. ఆయనకు కెమెరాలకు కొఱత లేదు, పలకలకు కొఱత లేదు. ప్రభువులు, జాగీర్దారులు, దొరలు, దొరసానులు వచ్చుచునే యుండిరి. రానివారు ఘోషా స్త్రీలు. వారికిని తమ రూపము పటమున చూచుకొనవలెనను కోరిక లేకపోలేదు. పరపురుషునియెదుట ముసుగు తీయుట వారి మర్యాద కాదు. ఎంత విలువైన కటకమైనను, ఎంత ప్రకాశమైన దీపమైనను ఈ చిక్కు తీర్పజాలదు.

దీనదయాళ్ 1892లో స్త్రీలకై ప్రత్యేకముగా జనానా స్టూడియోను తెఱపించెను. చుట్టును ఎత్తైన గోడలు. లోపల పని చూచుటకు కెన్నీ-లెవిక్ అను ఆంగ్ల మహిళను నియమించెను. పురుషులకు ప్రవేశము లేదు. గోడల లోపల ముసుగు తీసినను ఘోషాకు భంగము లేదు. గమనింపదగిన విషయమేమనగా, దీనదయాళ్ ఇచ్చట తాను పక్కకు తప్పుకొనుటను కూడ సన్నాహములో చేర్చుకొనెను. అంతటి ప్రసిద్ధుడు, తన స్టూడియోలో తాను తీయని చిత్రముకొఱకు గోడలు కట్టించినాడు! కట్టడమునకు ముందు అంచనా వేయు విద్య నేర్చినవాడగుటచేతనే, ఏ గుమ్మము ఎవరికి అడ్డుపడుచున్నదో ఆయన కన్ను ముందుగా పసిగట్టినదేమో. ఆయన 1905లో గతించెను. ఆయన స్టూడియో గాజుపలకలు 2,857 నేడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమున భద్రముగా నున్నవి.

ఆస్థానముల వైభవము లేని చిన్నపట్టణముల స్టూడియోలును ఇరువదవ శతాబ్దమున తమ పాటి సన్నాహము తాము చేసికొన్నవే. గుమ్మము దాటగానే గోడకు నిలువుటద్దము, దారముతో కట్టిన దువ్వెన, పౌడరు డబ్బా; చిలుకకొయ్యకు ఒక నల్లకోటు, ముడి వేసియే యుంచిన టై. కోటు ఒక్కటే. ఊరి పెండ్లికొడుకులందఱును దానిలో ఒకరి తరువాత నొకరు దూరి వచ్చినవారే. సన్నవానికి వీపున పిన్నులు గ్రుచ్చి బిగించెడివారు. ముందునుండి చూచు కెమెరాకు ఆ సంగతి తెలియదు. వెనుక తెరపై రంగులతో వేసిన పూలతోట, మేడమెట్లు, తాజమహలు. నేటివారు వానిని చూచి నవ్వుట కలదు. కాని ఆ కోటు తొడుగుకొన్నవాడు చేలోనుండి వచ్చినవాడు. వానికది జన్మకు మొదటి పటము. పెండ్లిచూపులకు ముందు పొరుగూరికి పంపు పటమైనచో, ఒక పిల్ల సంబంధము దానిపై నాధారపడియుండెడిది. ఫోటో తీసినచో ఆయువు తగ్గునని భయపడుచు వచ్చిన ముసలివారిని కెమెరాముందు కూర్చుండబెట్టుటకు ముందు, వానలను గూర్చియు, పంటను గూర్చియు పావుగంట మాటలాడుట కూడ ఆ వృత్తిలో భాగమే. ఆ పావుగంటకు లెక్కలో ధర లేదు.

కూర్చొనువాడు రైతైనను, రాజ్యమేలువాడైనను ఛాయాగ్రాహకుని కష్టము ఒక్కటే. 1941 డిసెంబరు 30న కెనడా రాజధాని ఒట్టావాలో చర్చిల్ పార్లమెంటున ప్రసంగించి స్పీకరు గదిలోనికి వచ్చెను. యూసఫ్ కార్ష్ ముందటి సాయంకాలమే అచ్చట దీపములు, కెమెరా అమర్చి కాచుకొనియుండెను. దీపములు వెలుగగానే, ఇదేమని చర్చిల్ గద్దించెను. ఆయనతో ఎవరును ముందు చెప్పియుండలేదు. తుదకు ఒక్క చిత్రమునకు సెలవిచ్చి చుట్ట వెలిగించెను. కార్ష్ బూడిదపళ్లెము పట్టినను చుట్ట వీడలేదు. అంతట కార్ష్ కెమెరాను మరియొకసారి సరిచూచుకొని, దగ్గఱకు పోయి, మన్నింపుడని పలికి, ఆ నోటినుండి చుట్ట లాగివైచెను. వెనుదిరిగి మీట నొక్కునప్పటికి చర్చిల్ ముఖమున సింహపు చూపు నిలిచియుండెను. ఆ చిత్రము లోకప్రసిద్ధమై, 2016లో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ ప్రకటించిన ఐదు పౌనుల నోటుపైకిని ఎక్కినది.

చుట్ట లాగిన చొరవను అందఱును చెప్పుకొందురు. ముందటి సాయంకాలమును ఎవరును చెప్పుకొనరు. ఆ క్షణమున కార్ష్ దీపమును జరుపవలసిన పని యున్నచో ఆ చూపు చల్లారిపోయెడిది. అయితే ఆ యేర్పాటులో ఒక లోపము లేకపోలేదు: కూర్చొనువానికి ముందు కబురు చేరలేదు. అది చిత్రముపాలిట వరమైనదన్నమాట నిజమే. అట్టి యదృష్టమును నమ్ముకొని దుకాణము నడుపుట మాత్రము ఎవరికిని క్షేమము కాదు.

నేడు గాజుపలకలు లేవు. బ్యాటరీలు నిండుగా నున్నవా, మెమరీ కార్డులోని పాతచిత్రములు వేఱొకచోట భద్రపడినవా, ఒక కెమెరా మొరాయించినచో రెండవది కలదా — ఇవి రాత్రియే చూచుకొనదగినవి. జాగ్రత్తపరునికి ఇందు కష్టమేమియు లేదు. కష్టమంతయు మాటలలో నున్నది. పటము దేనికొఱకు? ఉద్యోగపు దరఖాస్తుకా, ఇంటి గోడకా? కండ్లద్దములు ఎల్లప్పుడును ఉండునా? ఉన్నచో దీపము వానిలో మెఱయకుండ పక్కకు జరుపవలెను. సన్నని గీతల చొక్కా చిత్రమున అలలువలె కానవచ్చును గనుక, వేఱొకటి కూడ తెమ్మని చెప్పవలెను. ముఖమున మచ్చయో, కంటిలో పూవో ఉన్నవారిని ఒంటరిగా, ముందుగానే, ఏ వైపునుండి తీసిన ఇష్టమని యడుగవలెను. పదిమందిలో అడిగినచో ఆ ముఖము ముడుచుకొనును. ఇక ఏ కటకమును దానిని విప్పజాలదు.

పెండ్లి చిత్రములకు వచ్చువాడు మొదట కలిసికొనవలసినది పెండ్లికొడుకును గాక పురోహితుని. ముహూర్తము ఎన్ని గంటలకు, తెర ఎటువైపునుండి తీయుదురు, వధూవరులు ఒకరి తలపై నొకరు జీలకఱ్ఱ బెల్లము ఉంచునప్పుడు తాను ఎచ్చట నిలిచిన పనికి అడ్డురాదు — ఇవన్నియు తెలియనివాడు సరిగా ఆ క్షణమున బంధువుల వీపులను చిత్రించి ఊరకుండును. మరల నొకసారి ఉంచుడని యడుగుటకు అది నాటకము కాదు గదా.

ఉపాధ్యాయులకును, విద్యార్థులకును పరిచితమైన సన్నాహము మఱియొకటి కలదు: సంవత్సరాంతమున తరగతి పటము. తెలిసినవాడు ముందురోజు అదే వేళకు వచ్చి, ఎండ ఏ గోడపై పడుచున్నదో చూచుకొని పోవును. చెట్టునీడ చల్లగా నున్నను, ఆకుల సందుల వెలుగు ముఖములపై మచ్చలు వేయును గనుక, భవనపు నీడనే యెన్నుకొనును. వెనుకవరుస ఎక్కవలసిన బల్లలను తాను ముందు ఎక్కి చూచును. నలుబదిమందిలో ఎవరో ఒకరు కన్ను మూయుదురు గనుక ఒక్క చిత్రముతో తృప్తిపడడు. వరుసలు చెదరకముందే ఎడమనుండి కుడికి పేర్లు వ్రాయించును. వెనుకటి తరములలో ఎందఱికో బాల్యపు గుర్తు ఆ పటమొక్కటియే; గోరంత ముఖమును పెద్దది చేయించుకొనుటకు ముప్పదియేండ్ల తరువాత దానిని సంచిలో పెట్టుకొని స్టూడియోకు వచ్చువారు కలరు. కనుకనే అనుభవజ్ఞుడు మీట నొక్కకముందు హాజరుపట్టీ తెప్పించి తలలు లెక్కించును. పట్టీలో నలువదిరెండు, వరుసలలో నలువదియొకటి. ఆ ఒక్కడు తెల్లచొక్కా లేదని గోడచాటున నిలిచియుండును. ఛాయాగ్రాహకుని సంచిలో, కటకముల డబ్బా క్రింద, పిల్లల కొలతకు సరిపడు తెల్లచొక్కా యొకటి మడచి యుండును. అది తొడుగుకొని వాడు మూడవ వరుసలోనికి ఎక్కిన పిమ్మటనే మీటపై వ్రేలు పడును.