నక్షత్రం ఎటు తిరిగితే గ్రహం అటేనా?

రుద్రూర్ వంటి చెరకు పండే ఊళ్ళలో ఎద్దుల గానుగను ఎరిగిన పెద్దలు నేటికీ ఉన్నారు. ఎద్దులు ఏ దిశలో చుట్టు తిరుగుతాయో, దూలానికి బిగించిన నడిమి రోలరు కూడా ఆ దిశలోనే తిరుగుతుంది. సౌరకుటుంబం చూడడానికి ఇటువంటిదే. సూర్యుడు తన అక్షం మీద తిరిగే దిశలోనే భూమి మొదలైన గ్రహాలన్నీ ఆయన చుట్టూ పరిభ్రమిస్తున్నాయి. సూర్యుని మధ్యరేఖా తలానికీ భూకక్ష్యా తలానికీ నడుమ వాలు సుమారు 7 డిగ్రీలు మాత్రమే. ఒకే వాయుధూళి చక్రం నుండి సూర్యుడూ గ్రహాలూ పుట్టడమే ఇందుకు కారణమని శాస్త్రజ్ఞుల భావన. కాని గానుగలో ఎద్దులనూ రోలరునూ దూలం కలిపి ఉంచుతుంది. గ్రహానికీ నక్షత్రానికీ అటువంటి దూలం లేదు. మరి ఇతర నక్షత్రాల గ్రహాలు కూడా ఇదే క్రమాన్ని పాటిస్తాయా?

ఈ ప్రశ్నకు సమాధానం గ్రహ సంక్రమణంలో లభించింది. భూమికీ నక్షత్రానికీ మధ్యగా గ్రహం సాగిపోవడమే సంక్రమణం. 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబం మీదుగా నల్లని చుక్క వలె కదిలిపోయాడు. విశాఖపట్టణంలో తన మామగారైన గోడే వెంకట జగ్గారావు నెలకొల్పిన వేధశాల నుండి అంకితం వెంకట నరసింగరావు ఆ దృశ్యాన్ని పరిశీలించారు. భూమికీ సూర్యునికీ గల దూరాన్ని నిర్ణయించడానికి ఆ సంక్రమణ సమయాలు ఆనాటి ఖగోళవేత్తలకు అత్యంత విలువైనవి.

దూర నక్షత్రాల విషయంలో ఆ నల్లని చుక్క కంటికి కనబడదు. నక్షత్రకాంతి కొద్దిగా తగ్గి, మళ్ళీ యథాస్థితికి వస్తుంది. ఈ తగ్గుదల గ్రహం ఉనికినీ పరిమాణాన్నీ తెలుపుతుంది. గ్రహం నక్షత్రంతో పాటు తిరుగుతున్నదో, ఎదురు తిరుగుతున్నదో తెలుపదు. ఎటు నుండి వచ్చి అడ్డుపడినా తగ్గే కాంతి ఒక్కటే.

ఇక్కడ వర్ణపటం తోడ్పడుతుంది. తన చుట్టూ తాను తిరిగే నక్షత్రంలో ఒక సగం మన వైపుకు వస్తుంటే, రెండవ సగం దూరమవుతూ ఉంటుంది. డాప్లర్ ప్రభావం వలన దగ్గరయ్యే సగం నుండి వచ్చే కాంతి నీలం వైపుకు, దూరమయ్యే సగపు కాంతి ఎరుపు వైపుకు జరుగుతుంది. గ్రహం మొదట దగ్గరయ్యే సగాన్ని కప్పితే నీలం పాలు తగ్గి, నక్షత్రమంతా దూరమవుతున్నట్లు తోస్తుంది. తరువాత రెండవ సగాన్ని కప్పినపుడు దగ్గరవుతున్నట్లు తోస్తుంది. ఈ వరుస తలక్రిందులైతే గ్రహం ఎదురు తిరుగుతున్నదని అర్థం. సంక్రమణమంతా ఒకే సగం మీద జరిగితే కక్ష్య బాగా వాలి ఉన్నదని ఊహించవచ్చు. అయితే ఈ పద్ధతిలో దొరికేది ఆకాశతలం మీద కనబడే కోణమే. నిజమైన వాలు అంతకంటె భిన్నంగా ఉండవచ్చు.

1924లో రాసిటర్, మెక్‌లాఫ్లిన్ అనే శాస్త్రజ్ఞులు జంట నక్షత్రాలలో ఈ ప్రభావాన్ని స్పష్టంగా కనుగొన్నారు. అందుచేత వారి పేర్లే దానికి స్థిరపడ్డాయి. 2000 సంవత్సరంలో హెచ్‌డి 209458 అనే నక్షత్రపు గ్రహం విషయంలో దీనిని గుర్తించారు. ఆ గ్రహం తన నక్షత్రంతో పాటే తిరుగుతున్నదని తేలింది. పాత భావన నిలిచినట్లే తోచింది. కాని 2009లో వాస్ప్-17 అనే నక్షత్రపు గ్రహం ఎదురు దిశలో తిరుగుతున్నట్లు కొలతలు సూచించాయి. వాలు కక్ష్యలు అధిక ఉష్ణోగ్రత గల నక్షత్రాల వద్ద తరచుగా కనబడుతున్నాయని 2010లో గమనించారు. గ్రహాలు ఒకదానినొకటి ఆకర్షించి చెదరగొట్టుకోవడమో, దూరాన ఉన్న మరొక తార లాగడమో ఇందుకు కారణం కావచ్చునని భావిస్తున్నారు.

2012 జూన్ 6న శుక్ర సంక్రమణం మళ్ళీ సంభవించింది. అప్పుడు చిలీలోని లా సిల్లా వేధశాలలో శాస్త్రజ్ఞులు చంద్రుని మీద పడి తిరిగివచ్చే సూర్యకాంతిని విశ్లేషించారు. శుక్రుడు సూర్యుని దూరమయ్యే సగాన్ని కప్పినపుడు, సూర్యుని వేగంలో సెకనుకు సుమారు ఒక మీటరు మార్పు కనబడింది. అది నడిచే మనిషి వేగం కంటె తక్కువ! జవాబు ముందే తెలిసిన చోట పద్ధతి సరిపోయింది.

మన ఇంటి వరుసే లోకమంతటి వరుస అనుకోవడం మానవ సహజం. సంక్రమణాల కొలతలు ఆ అలవాటును సరిదిద్దాయి. దూలం కనబడనిచోట దానిని ఊహించుకోక, కొలిచి చూడడమే విజ్ఞానశాస్త్రం నేర్పే పాఠం.